బస్తా నడిమి పిడికెడు

ఎనుమాముల మార్కెట్ల ఇరవై ఆరేండ్ల సంది దడ్వాయిని.
బస్తా మూతికాడ ఎర్రగ మెరిసే కాయను
నేనెన్నడు నమ్మలె.
పైన మంచిది పరుస్తరు, కింద తాలు తోస్తరు.
పొట్టకు కొక్కెమేసి
నడిమిల నుంచి పిడికెడు గుంజితే
అప్పుడు మాట్లాడ్తది సరుకు.

గంత తెలిసినోన్ని,
నా నెత్తురు కాడికొచ్చేసరికి
డాక్టర్లకు మూతి సూపిచ్చుకుంట తిరిగిన.

రేపు పరీక్ష అంటే
మూడొద్దులు జొన్నరొట్టె, కాకరకాయ.
తెల్లారకముందే దేశాయిపేట రోడ్డు మీద నడక.
కాయితం మీద నూట పద్దెనిమిది.
ఆ కాయితం అంగి జేబుల మడిచి
గేటు కాడి హోటల్ల
రెండు చాయలు, ఒక మలాయి బన్ను.
"కంట్రోల్లనే ఉన్నదట" అని కౌసల్యకు ఫోను.
ఏడేండ్లు.

కండ్లకేం రోగం?
ఆరు గజాల దూరంల నిలబడి
తేజ రకం ఏదో, రంగు పోయిందేదో చెప్పేటి కండ్లు.
నొప్పి లేదు. నీళ్లు కారయి.
దవఖాన గోడ మీది అక్షరాలు
ఆఖరు వరుస దాక గడగడ సదివిన.

నుస్రత్ డాక్టరమ్మ మెచ్చుకోలె.
సుక్కలేసింది, గడ్డం ఆనిచ్చుమన్నది,
కంట్ల మెరుపొకటి కొట్టి
కంటి ఎనుక పటం తీసింది.

సూసిన.
కల్లంల ఆరబోసిన మిర్చి మీద
రాత్రి వాన జల్లు పడితే ఎట్లుంటది?
అట్లున్నది.
నల్లెరుపు సుక్కలు, నడుమ నడుమ
పసుపు తిరిగిన తాలు మచ్చలు.
"ఎవలది మేడం ఇది?" అన్న.

"తడి తగిలిన గోనె సంచి సూసినవా?
పైకి గట్టిగనే ఉంటది.
లోపల పోగు పోగు నాని ఉంటది.
తీపెక్కిన నెత్తురు సన్న నరాలను అట్లనే నానబెడ్తది.
సూపు పోయినంక వస్తరు అందరు.
నువ్వు ఉండంగ వచ్చినవ్, అది మంచిది."

ఇంకో కాయితం ముందట పెట్టింది.
"ఇది మొన్నటి లెక్క గాదు, మూడు నెల్లది.
ఉపాసాలకు మారది."
పది పాయింటు నాలుగు.

కొక్కెం!
సక్కగ పొట్టల దిగింది.
మలాయి బన్నులు, లోడు కాడ తాగిన గోలీసోడాలు,
మింగుడు మర్సిపోయిన గోలీలు,
మర్సిపోయిన్నని నేననుకున్నయి గుడ
అన్ని ఒక్క పిడికిట్లకే వచ్చినయి.

"పోయింది తెస్తవా?"
"తేను. పోయేటిదాన్ని ఆపుత.
సగం నా మిషిను, సగం నీ నోరు."

దబ్బనంతోటి బస్తా మూతి కుట్టినట్టు
వెలుగుతోటి కుట్టింది కుడి కన్ను.
ఇంటికి రాంగ ఆటోల కౌసల్య ఒక్క మాట మాట్లాడలె.
నా అంగి జేబుల చెయ్యి పెట్టి
పాత కాయితాలన్ని తీసి
ఒక్కొక్కటే సదివింది, నూట పద్దెనిమిది, నూట పన్నెండు,
సదివి మల్ల నా జేబులనే పెట్టింది.

తొమ్మిది పాయింటు ఒకటి.
ఎనిమిది పాయింటు మూడు.
సంక్రాంతికి మల్ల ఎనిమిది పాయింటు ఆరు, అరిసెలు, ఒప్పుకుంటున్న.
మొన్న ఏడు పాయింటు నాలుగు.

మసక మచ్చ అట్లనే ఉన్నది.
పెరుగలె, తరుగలె.
కాంటా మీద ఒకటికీ ఏడుకూ
ఎండపూట నాకు తేడా దొరుకది.

అందుకే ఇప్పుడు
బస్తా ఎవలిదో వాళ్లనే పిలుస్త.
పరకాల దిక్కు నుంచొచ్చిన ఓ ముసలామె
నా మొకం సూసి, కాంటా సూసి
"దడ్వాయివి నువ్వా నేనా?" అన్నది.
"ఈ పూటకు నువ్వే అవ్వా, గట్టిగ సదువు."

"నలభై ఒకటి మీద ఆరు వందలు"
మార్కెటంత ఇనేటట్టు సదివింది.
రాసుకున్న.